మిషన్ మీద మొదటి క్విల్ట్: కింద దారం చిక్కు, పైన కలవని మూలలు

కొత్తసూది

నమస్కారం అండీ. కుట్టుమిషన్ ఈమధ్యే కొన్నాను. కరెంటుది, జిగ్‌జాగ్ కూడా ఉంది, బాబిన్ (కిందిదారం చుట్టే చిన్న చక్రం) పైనుంచి పెట్టే రకం. ఊడిన గుండీలు చేత్తో కుట్టుకోవడం తప్ప నాకు కుట్టుపని రాదు. చొక్కా అయితే మెడ, చంకలు, చేతులు అంటూ బోలెడు వంపులుంటాయి, క్విల్ట్ (పైన ముక్కలు కలిపిన బట్ట, మధ్యలో దూది పొర, వెనక ఇంకో బట్ట కలిపి కుట్టే బొంత) అయితే అన్నీ చదరపు ముక్కలే కదా అని దీంతోనే మొదలుపెట్టాను.

కుట్టు మొదలవగానే బట్ట కింద దారం పిచ్చుక గూడులా పోగవుతోంది. పైనుంచి చూస్తే కుట్టు శుభ్రంగానే ఉంది. చిక్కు కింద కదా అని బాబిన్ తీసి, మళ్ళీ చుట్టి, మళ్ళీ పెట్టి చూశాను. కాసేపు బాగుంటుంది, తర్వాత మళ్ళీ మామూలే.

ఇంకోటి, తొమ్మిది చదరాల బ్లాకులో మూలలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. ముక్కలన్నీ రెండున్నర అంగుళాలకు కొలిచి కోసినవే. ముందు దేని సంగతి చూసుకోమంటారు?

రిపేరుబాబాయి

బాబిన్ జోలికి వెళ్ళకమ్మా. బట్ట కింద గూడు కడుతోందంటే చాలావరకు లోపం పైదారంలో ఉంటుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ కారణం తేలికే. పైదారం రెండు చిన్న టెన్షన్ పలకల (దారానికి బిగువు ఇచ్చేవి) మధ్య నుంచి రావాలి. ఫుట్ (సూది దగ్గర బట్టను అదిమే పాదం) పైకి ఎత్తినప్పుడు ఆ పలకలు విడివడతాయి, దించితే దగ్గరపడి దారాన్ని పట్టుకుంటాయి. ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే అది పలకల మధ్యకు దిగదు, పక్కనుంచి జారిపోతుంది. అప్పుడు పైదారానికి అడ్డే లేదు. సూది కిందికి తీసుకెళ్ళిన దారం బిగువుగా పైకి రాక, మిగిలిందంతా కిందే పోగవుతుంది.

ఇలా చూడు. ఫుట్ ఎత్తి, దారం మొత్తం తీసేసి, మొదటినుంచి ఎక్కించు. సూదిలో గుచ్చే ముందు దారం చివర లాగు. సులువుగా రావాలి. ఇప్పుడు ఫుట్ దించి లాగు. గట్టిగా పట్టుకున్నట్టు అనిపించాలి. రెండింటికీ తేడా తెలియలేదంటే దారం పలకల్లోకి వెళ్ళనట్టే. పైకీ కిందికీ ఆడే లివరు ఉంటుంది చూడు, దాని కన్నంలోంచి కూడా దారం తప్పిపోతుంటుంది. చక్రం నీ వైపుకు తిప్పి లివరును బాగా పైకి తెచ్చుకుని ఎక్కిస్తే ఆ బాధ ఉండదు.

సూది సరిగా పెట్టావా? పైభాగంలో ఒకవైపు చదునుగా ఉంటుంది. ఇప్పటి ఇంటి మిషన్లలో ఎక్కువగా ఆ చదును వెనక్కి ఉండాలి. పూర్తిగా పైదాకా తోసి మర బిగించాలి. సగంలో ఆగితే కుట్లు తప్పుతాయి.

రంగులపెట్టె

బాబాయి గారు చెప్పినదానికి చిన్న చేర్పు. మొదలుపెట్టేటప్పుడు పైదారం, కిందిదారం రెండు కొసలూ వెనక్కి పట్టుకుని నాలుగు కుట్లు పడేదాకా వదలకండి. ఇంకా హాయి కావాలంటే ముందు ఒక పనికిరాని గుడ్డముక్క మీద కుట్టి, ఆపకుండా అసలు ముక్క మీదకి వెళ్ళిపోండి. మిషన్ చిక్కు పెట్టినా ఆ గుడ్డమీదే పెడుతుంది. ముక్కల మూలలు సూది పలక కన్నంలోకి దూరిపోవడం కూడా దీంతో తగ్గుతుంది.

నీలిబాబిన్

బాబిన్ అసలు చూడక్కర్లేదంటే ఒప్పుకోను. చూడటానికి ఒకేలా ఉండి ఎత్తులో కొద్దిగా తేడా ఉన్న బాబిన్లు దొరుకుతాయి. మిషన్‌తో వచ్చినదానితో పోల్చి చూడండి. దారం ఏ దిక్కుకు తిరుగుతూ విప్పుకోవాలో మూత మీద బొమ్మ ఉంటుంది. స్ప్రింగు కిందికి దారం వెళ్ళిందో లేదో కూడా చూసుకోండి.

రిపేరుబాబాయి

అది నిజమే. కానీ ముందు పైదారం చూసి, తర్వాత ఇది. బాబిన్ కేసు మీద ఉండే చిన్న మరను మాత్రం ఎవరు చెప్పినా ఇప్పుడే తిప్పకమ్మా.

ముక్కలక్క

ఇక మూలల సంగతి. ముక్కలు సరిగ్గా కోశానంటున్నారు, నమ్ముతాను. అయితే కోత సరిగ్గా ఉన్నా కుట్టు పక్కన వదిలే మార్జిన్ తేడా పడితే బ్లాకు తేడా పడుతుంది. క్విల్ట్ నమూనాలు దాదాపు అన్నీ పావు అంగుళం మార్జిన్ లెక్కన రాసినవే. రెండున్నర అంగుళాల చదరాలు అడ్డంగా మూడు కలిపితే బ్లాకు ఆరున్నర అంగుళాలు రావాలి. మీది ఎంత వచ్చిందో కొలవండి.

మార్జిన్‌లో అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ ప్రతి కుట్టులో రెండు బట్టలున్నాయి, రెండింట్లోనూ ఆ కాస్తా పోతుంది. అంటే కుట్టుకు ఎనిమిదో వంతు. ఒక వరసలో ఎనిమిది కుట్లుంటే ఒక అంగుళం మాయం! పక్క వరసలో ఆరే కుట్లుంటే అక్కడ ముప్పావు అంగుళమే పోతుంది. ఆ రెండు వరసలు ఎలా కలుస్తాయి చెప్పండి?

ఒక పరీక్ష ఉంది. ఒకటిన్నర అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కోసి, నిలువునా కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీ కొలవండి. సరిగ్గా ఒక అంగుళం ఉండాలి. తక్కువుంటే మార్జిన్ ఎక్కువ తీసుకుంటున్నట్టు, ఎక్కువుంటే తక్కువ తీసుకుంటున్నట్టు. బట్ట మడతలో కూడా కొంచెం కొలత పోతుంది కాబట్టి పావు అంగుళానికి వెంట్రుకవాసి లోపలే కుట్టాల్సి రావచ్చు. స్కేలు మీద పావు అంగుళం కనిపించిందా లేదా అన్నదానికంటే మధ్య పట్టీ అంగుళం వచ్చిందా అన్నదే చూడండి.

దర్జీచూపు

బట్టలు కుట్టేవాడిగా ఒక సందేహం. పావు అంగుళం మరీ తక్కువ కదా? మేము అర అంగుళం, ముప్పావు వదులుతాం. పోగులు ఊడి కుట్టు విడిపోదా?

ముక్కలక్క

చొక్కాకు ప్రతి కదలికలోనూ లాగుడు ఉంటుంది కాబట్టి మీకు ఎక్కువ కావాలి. క్విల్ట్‌లో మార్జిన్ అంతా పొరల మధ్య మూసుకుపోతుంది, మీద ఇంకో కుట్టు కూడా పడుతుంది. పైగా నాలుగు ముక్కలు కలిసే చోట అర అంగుళం మార్జిన్లన్నీ పోగుపడితే గడ్డలా తగులుతుంది, సూది ఆగుతుంది. సొంతంగా గీసుకున్న డిజైన్ అయితే మీరు అర అంగుళం తీసుకున్నా తప్పు లేదు, కోత కొలతలు దాన్నిబట్టి పెంచుకుంటే సరి. వేరేవాళ్ళ నమూనా తీసుకుని మార్జిన్ మాత్రం మనది పెడితేనే చిక్కు.

కొత్తసూది

బాబాయి గారూ, ఫుట్ ఎత్తి దారం ఎక్కిస్తే గూడు కట్టడం ఆగింది! ఫుట్ దించాక దారం బిగుసుకోవడం చేతికి స్పష్టంగా తెలిసింది. చాలా థాంక్స్ అండీ.

అక్కా, పట్టీల పరీక్షలో మధ్యది అంగుళం కంటే తక్కువ వచ్చింది. ఫుట్ అంచు వెంబడి బట్ట పోనిస్తున్నాను. మరి దాన్ని ఎలా మార్చాలి?

రంగులపెట్టె

మామూలు ఫుట్ అంచు పావు అంగుళానికే ఉంటుందన్న నమ్మకం లేదు, చాలా మిషన్లలో అంతకంటే దూరంగా ఉంటుంది. సూదిని పక్కకు జరిపే వీలుంటే ఒక్క మెట్టు కుడికి జరిపి మళ్ళీ పరీక్ష పట్టీ కుట్టండి. అలా కుదరకపోతే స్కేలు ఫుట్ కింద పెట్టి, పావు అంగుళం గీత మీదకి సూదిని చక్రంతో మెల్లగా దించి, స్కేలు అంచు వెంబడి మిషన్ మీద టేపు అతికించండి. ఫుట్ కింద బట్టను లాగే పళ్ళ మీద మాత్రం అతికించకండి. కుట్టేటప్పుడు కళ్ళు ఆ టేపు అంచు మీద ఉండాలి. సూదిని చూస్తూ కుడితే గీత వంకర పోతుంది.

జాగ్రత్త: క్విల్ట్ కోసమే అమ్మే పావు అంగుళం ఫుట్‌లో కొన్నిటికి మధ్యలో ఒక్క చిన్న కన్నమే ఉంటుంది. అలాంటిది వేసి సూది పక్కకు జరిపితే సూది ఫుట్‌కు తగిలి విరుగుతుంది. చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి చూసుకున్నాకే పెడల్ తొక్కండి.

పాతచొక్కాలు

నేనూ కొత్తే. ఇస్త్రీ ఎప్పుడు చెయ్యాలి? అన్నీ కుట్టాక ఒకేసారి చేస్తే సరిపోదా? ఇంకో మాట, నేను పాత చొక్కాలు కోసి చేస్తున్నాను, ముక్కలు సాగి వంకరపోతున్నాయి.

ముక్కలక్క

ఒకేసారి కుదరదు. ప్రతి కుట్టు తర్వాతా చెయ్యాల్సిందే. కుట్టినదాని మీద విప్పకుండానే ఒకసారి ఇస్త్రీ ఆనించండి, దారం బట్టలో కూర్చుంటుంది. తర్వాత విప్పి, మార్జిన్ రెండూ ముదురు రంగు వైపుకు మలిచి నొక్కండి. ఇస్త్రీ పెట్టెను అటూఇటూ తోయకండి. ఎత్తి, పెట్టి, ఎత్తాలి. తోస్తే ముక్క సాగుతుంది. ఒక వరసలో మార్జిన్లు ఎడమకు, దాని కింది వరసలో కుడికి మలిస్తే, వరసలు కలిపేటప్పుడు ఆ రెండు దిబ్బలూ ఎదురెదురుగా ఆనుకుని తాళం పడినట్టు ఆగుతాయి. వేలితో తడిమితేనే తెలుస్తుంది. మూలలు కలవడానికి నాకు తెలిసి ఇంతకు మించిన ఉపాయం లేదు.

పాత బట్టలు మెత్తబడి ఉంటాయి కాబట్టి కోయకముందే గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. కోత బట్ట పోగు వెంబడి పోవాలి. క్రాస్‌గా కోసిన అంచు ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా సాగుతుంది. సాగే బనియన్ బట్ట అయితే వెనక అతుక్కునే క్యాన్వాస్ వేసి కోయాలి.

దర్జీచూపు

మార్జిన్ రెండువైపులా విప్పి నొక్కడమే శుభ్రం అంటాను నేను. మందం సమానంగా ఉంటుంది.

ముక్కలక్క

చాలామంది అలాగే చేస్తారు, ఎనిమిది కోణాలు ఒకచోట కలిసే డిజైన్లలో నేనూ అలాగే చేస్తాను. తొమ్మిది చదరాల బ్లాకుకు మాత్రం ఒకవైపు మలిచే పద్ధతే. అతుకు మీదుగా క్విల్టింగ్ కుట్టు వేస్తే దానికింద దారం ఒక్కటే కాకుండా బట్ట కూడా ఉంటుంది.

నీలిబాబిన్

కొత్త బట్ట ముందే తడపాలా వద్దా అన్నది ఎవరూ ఎత్తలేదు. నేనైతే తడుపుతాను. ఎరుపు, ముదురు నీలం వంటివి తడిపి తెల్లగుడ్డ మీద అద్ది చూడండి. రంగు దిగిందంటే అది మీ తెల్ల చదరాలన్నిటినీ పాడు చేస్తుంది. అన్నీ తడపండి, లేదా అన్నీ తడపకండి. సగం తడిపినవి, సగం తడపనివి కలిపితే మొదటి ఉతుకులోనే కొన్ని ముడుచుకుంటాయి, కొన్ని ముడుచుకోవు.

రంగులపెట్టె

నేను తడపను. కొత్త బట్టలో ఉండే గంజి బిగువు కోతకు బాగుంటుంది. ఉతికాక క్విల్ట్ కొంచెం ముడుచుకుని పాతబడినట్టు కనిపించడం నాకిష్టం. రంగు దిగే బట్ట మాత్రం విడిగా చూసుకుంటాను. ఒకటి మాత్రం ఇద్దరం ఒప్పుకుంటాం: ముందే చదరాలుగా కోసి అమ్మే చిన్న ముక్కలను తడపకూడదు. పోగులు ఊడి కొలతే ఉండదు.

కొత్తసూది

పైభాగం పూర్తయింది! సూది ఒక మెట్టు జరిపితే పట్టీ సరిగ్గా అంగుళం వచ్చింది. మూలలు అన్నీ కాకపోయినా చాలావరకు కలిశాయి. ఒళ్ళో కప్పుకునేంత సైజు.

ఇప్పుడు మూడు పొరలు కలిపి కుట్టాలి. చిన్న ముక్కల మీద ప్రయత్నిస్తే పైబట్ట ముందుకు తోసుకొచ్చి చివర ముడతలా మిగులుతోంది. వాకింగ్ ఫుట్ కొనాలా? లేక పళ్ళు దించి చేత్తో తిప్పుతూ కుట్టే పద్ధతి నేర్చుకోవాలా? వీడియోల్లో అది చాలా అందంగా కనిపిస్తోంది.

రిపేరుబాబాయి

పైబట్ట ఎందుకు మిగులుతోందో చెబుతాను. మిషన్ పళ్ళు కిందనుంచే లాగుతాయి. కింది బట్ట ముందుకు పోతుంది, పైబట్టను ఫుట్ అదిమి వెనక్కి ఆపుతుంది. మధ్యలో మెత్తటి దూది పొర ఉంటే ఈ తేడా ఇంకా ఎక్కువ. వాకింగ్ ఫుట్‌కు సొంత పళ్ళుంటాయి, పైబట్టను కూడా అదే వేగంతో నడిపిస్తుంది. బిగించేటప్పుడు దాని పక్కనున్న చేయి సూదిని పట్టే మర మీదుగా కూర్చోవాలి. సూది లేచి దిగినప్పుడల్లా ఆ చేయి కదిలితేనే ఫుట్ పనిచేస్తుంది. అది సరిగా కూర్చోక, ఫుట్ పనికిరాదని వాపసు ఇచ్చేవాళ్ళను చూశాను. కొనేముందు మీ మిషన్ షాంకు (ఫుట్ బిగించే కడ్డీ) ఎత్తు పొట్టిదా పొడుగుదా కనుక్కోండి.

ముక్కలక్క

మొదటిదానికి వాకింగ్ ఫుట్, నిలువు గీతలు. ఇందులో నాకు రెండో మాట లేదు. కుట్టు పొడవు ముక్కలు కలిపినప్పుడు రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే, ఇప్పుడు మూడు, మూడున్నరకు పెంచండి. మందం వల్ల కుట్టు చిన్నదై కనిపిస్తుంది. సూది 90/14 వెయ్యండి. 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటరు. ముక్కలు కలపడానికి 80/12 చాలు. దారం 50 నంబరుది ముక్కలకు, పైకి కనబడాలంటే క్విల్టింగ్‌కు 40. నంబరు పెరిగితే దారం సన్నం అవుతుంది, కొనేటప్పుడు తికమకపడకండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పొరలు పరచడానికి ఇవ్వండి. వెనకబట్ట పైభాగం కంటే అన్నివైపులా రెండు మూడు అంగుళాలు పెద్దది ఉండాలి. నేలమీద మంచివైపు కిందికి ఉండేలా పరిచి అంచులు టేపుతో అతికించండి. ముడత లేకుండా ఉండాలి, కానీ సాగదీయకూడదు. సాగదీసి అతికిస్తే టేపు తీయగానే అది వెనక్కి ముడుచుకుంటుంది, వెనకంతా కుచ్చులే. దానిమీద దూది పొర, దానిమీద పైభాగం. మధ్యనుంచి అంచులకు చేత్తో సర్దుకుంటూ సేఫ్టీ పిన్నులు పెట్టండి. పిడికిలి ఎక్కడ పెట్టినా ఏదో ఒక పిన్ను తగలాలి, అంటే మూడు నాలుగు అంగుళాలకొకటి.

నీలిబాబిన్

పిన్నులకు ఓపిక లేనివాళ్ళకు స్ప్రే జిగురు ఉంది. కిటికీలు తెరిచి కొట్టండి. నా మటుకు పాత పద్ధతే ఇష్టం, పెద్ద పెద్ద కచ్చా కుట్లు చేత్తో వేసేస్తాను. మిషన్ కింద పిన్నులు తీస్తూ కూర్చునే పని ఉండదు.

దూది పొర కొనేటప్పుడు కవరు మీద చూడండి, ఎన్ని అంగుళాలకొక వరస కుట్టాలో రాసి ఉంటుంది. అంతకంటే దూరం వదిలితే ఉతికాక లోపల జారి ఉండలు కడుతుంది.

పాతచొక్కాలు

నేను వాకింగ్ ఫుట్ లేకుండా పళ్ళు దించి ప్రయత్నించాను. పైన కుట్టు బాగుంది. వెనక తిప్పితే వంపుల దగ్గర దారం అడ్డంగా లాగినట్టు చిన్న చిన్న గీతలు, కనురెప్పల వెంట్రుకల్లా ఉన్నాయి. టెన్షన్ తేడానా?

రంగులపెట్టె

చేతుల వేగం తేడా. పళ్ళు దించాక కుట్టు పొడవు డయల్‌కు ఏ పనీ ఉండదు. మీ చెయ్యి ఎంత జరిపితే అంత కుట్టు. వంపు రాగానే మనకు తెలియకుండానే చేతులు వేగం అందుకుంటాయి. సూది అంత వేగంగా దిగదు, పైదారం దగ్గరదారిలో వెనకవైపుకు లాక్కుపోతుంది. వంపులో చేతులు నెమ్మదించండి, పెడల్ మాత్రం ఒకే వేగంలో ఉంచండి. అప్పటికీ పోకపోతే పై టెన్షన్ అర నంబరు పెంచి చూడండి. దీనికి వాడే ఫుట్ కూడా వేరు, బట్టమీద ఎగురుతూ దిగే రకం. పళ్ళు దించినా ఫుట్ లివరు దించడం మరచిపోవద్దు, అది దించకపోతే టెన్షన్ పలకలు పట్టవు, మళ్ళీ కింద గూడే.

రిపేరుబాబాయి

టెన్షన్ చూడాలంటే పైన ఒక రంగు, కింద ఒక రంగు దారం వేసి ఇవే మూడు పొరల ముక్క మీద కుట్టి చూడండి. రెండు దారాల ముడి పొరల మధ్యలో దాక్కోవాలి. కిందిరంగు చుక్కలు పైన కనిపిస్తే పైదారం బిగువెక్కువ, నంబరు తగ్గించాలి. పైరంగు చుక్కలు కింద కనిపిస్తే వదులు, పెంచాలి. ఉత్త గుడ్డ మీద సరిచేసిన టెన్షన్ మూడు పొరలకు పనికొస్తుందనుకోవద్దు.

దూది పొర కుడుతుంటే నూగు విపరీతంగా రాలుతుంది. సూది పలక తీసి పళ్ళ మధ్య బ్రష్షుతో తుడవండి. నోటితో ఊదకండి, తేమ చేరుతుంది, నూగు ఇంకా లోపలికి వెళ్తుంది. నూనె వెయ్యమని పుస్తకంలో ఉంటేనే, మిషన్ నూనే వెయ్యండి. వంటనూనె, తలనూనె వేసిన మిషన్లు బిగుసుకుపోయి నా దగ్గరికి వస్తుంటాయి.

కొత్తసూది

వాకింగ్ ఫుట్ తెచ్చాను, గీతలు బాగా పడుతున్నాయి. కానీ క్విల్ట్ బరువుకు బల్లమీంచి జారి లాగేస్తోంది, అప్పుడు కుట్లు చిన్నవైపోతున్నాయి. వెనకవైపు కూడా గీతలు ఒకదాన్నొకటి దాటే చోట అక్కడక్కడ చిన్న ముడత పడుతోంది.

ముక్కలక్క

బరువు సంగతి మొదట. మిషన్ ఎడమవైపు, వెనకవైపు ఏదో ఒక బల్లో కుర్చీయో ఆనించండి. క్విల్ట్ ఎక్కడా వేలాడకూడదు. కుడివైపు, అంటే మిషన్ చేతికింద పట్టాల్సిన భాగాన్ని చుట్టచుట్టినా పర్వాలేదు, కుప్పగా కూరినా పర్వాలేదు, సూది చుట్టూ అరచేతి మేర వదులుగా ఉంటే చాలు. ఇంటి మిషన్లలో ఆ సందు చిన్నది, అందుకే మొదటిది ఒళ్ళో సైజు చేయడం మంచి పని. మంచం సైజు అయితే ఈపాటికి ఏడ్చేవారు.

దాటే చోట ముడతకు కారణం వరస. మొదటి గీత నడిమధ్యన వేసి, దాన్నుంచి ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు వెళ్ళండి. అంచునుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తే వదులంతా మధ్యలో ఇరుక్కుంటుంది. అడ్డగీతలకు కూడా ఇదే. ఫుట్ ఒత్తిడి తగ్గించే మర ఉంటే కొంచెం తగ్గించండి. దాటే చోటు దగ్గరికొచ్చేసరికి బట్టను ముందుకు లాగకండి, వెనక్కి తొయ్యకండి, రెండు చేతులూ చదునుగా ఆనించి నెమ్మదిగా పోనివ్వండి. ఇప్పటికే పడిన ముడతలు చిన్నవైతే వదిలెయ్యండి, ఉతికాక కలిసిపోతాయి. వేలు దూరేంత మడత పడితే మాత్రం అక్కడ నాలుగంగుళాలు విప్పి మళ్ళీ కుట్టండి.

కొత్తసూది

మధ్యనుంచి మొదలుపెడితే తేడా బాగా తెలిసింది. ఇక అంచు పట్టీ మిగిలింది. రెండున్నర అంగుళాల పట్టీలు కలిపి, మధ్యకు మడిచి ఇస్త్రీ చేశాను. మూలల దగ్గర ఎలా తిప్పాలి? చివర రెండు కొసలు కలపడం కూడా అర్థం కావడం లేదు.

దర్జీచూపు

ఇది నా పని. మూలకు పావు అంగుళం ఉండగా ఆపి, దారం కోసి, క్విల్ట్ బయటికి తీయండి. పట్టీని మూలనుంచి నేరుగా పైకి మడవండి, అక్కడ ఏటవాలు మడత పడుతుంది. దాన్ని అలాగే ఉంచి, పట్టీని మళ్ళీ కిందికి మడిచి రెండో అంచు వెంబడి పెట్టండి. పైన మడత క్విల్ట్ అంచుతో సమానంగా ఉండాలి. అక్కడినుంచి కుట్టడం మొదలుపెట్టండి. వెనక్కి తిప్పితే మూల దానంతటదే కూర్చుంటుంది.

కొసల కోసం మొదట్లో ఒక జానెడు, చివర ఒక జానెడు కుట్టకుండా వదలండి. రెండు కొసలూ ఒకదానిమీద ఒకటి పట్టీ విప్పిన వెడల్పుకు సమానంగా, అంటే మీకు రెండున్నర అంగుళాలు పైబడేలా కోయండి. తర్వాత రెండింటి మడతలూ విప్పి, ఒకదాని మంచివైపు రెండోదాని మంచివైపుకు ఆనేలా అడ్డంగా పెట్టి, మూలనుంచి మూలకు కుట్టండి. మిగులు కోసేముందు పట్టీని మళ్ళీ మడిచి అంచు మీద పరిచి చూసుకోండి. మెలిక పడి ఉంటే అప్పుడే తెలుస్తుంది, విప్పడానికి బట్ట ఇంకా చేతిలో ఉంటుంది.

పాతచొక్కాలు

పట్టీ క్రాస్‌గా కోయాలా, నేరుగా కోసినా పర్వాలేదా?

దర్జీచూపు

అంచులు నేరుగా ఉన్న క్విల్ట్ అయితే నేరుగా కోసిందే చాలు, బట్ట కూడా కలిసొస్తుంది. అంచులో వంపులుంటేనే క్రాస్.